పచ్చిక కింద పేరుకున్నది

లాన్ మీద నడుస్తుంటే పాదం పరుపు మీద పెట్టినట్టు కిందికి దిగితే చాలామంది మురిసిపోతారు. నాకు మాత్రం దిగులేస్తుంది. పచ్చటి ఆకులకీ మట్టికీ మధ్య చచ్చిన కాడలూ, వేళ్ళూ, పాకుడు తీగలూ అల్లుకుపోయి గోధుమరంగు పొరగా పేరుకుంటేనే ఆ మెత్తదనం వస్తుంది. లాన్లు పెంచేవాళ్ళు దీన్ని థాచ్ అంటారు. హైదరాబాద్ ఇళ్ళ ముందు ఎక్కువగా కనిపించే కొరియన్ గడ్డికీ, గరికకీ ఇది బాగా కడుతుంది.

పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఖుర్పీతో 3 అంగుళాల లోతున ఓ చిన్న ముక్క కోసి పైకి తీయాలి. మా వీధిలో ఒకరింట్లో మొన్న అలాగే తీసి చూశాం. పైన కాస్త పచ్చదనం, దాని కింద అంగుళం పైచిలుకు మందాన పీచు. కొత్తగా పుట్టిన తెల్లటి వేళ్ళు మట్టిదాకా పోకుండా ఆ పీచులోనే తిరుగుతున్నాయి. ముందురోజు సాయంత్రమే నీళ్ళు పెట్టారట. అయినా అడుగున ఎర్రమట్టి గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. అలాంటి గడ్డి ఏప్రిల్ ఎండకి ఎలా తట్టుకుంటుంది? పురుగూ బూజూ చేరేది కూడా ఆ పీచులోనే.

అర అంగుళం లోపు ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు. మట్టిని చల్లగా ఉంచుతుంది, తేమ ఆరనివ్వదు. ముప్పాతిక అంగుళం దాటిందంటే మాత్రం తీయాల్సిందే.

థాచ్ పేరుకోవడానికి కారణం మెషిన్ కోసి వదిలేసిన గడ్డి ముక్కలని చాలామంది నమ్మకం. పాపం, వాటి తప్పేమీ లేదు. లేత ఆకులో ఎక్కువభాగం నీరే కాబట్టి సూక్ష్మజీవులు వాటిని త్వరగానే తినేస్తాయి. కాడల్లో, వేళ్ళలో లిగ్నిన్ ఎక్కువ, అవి ఓ పట్టాన కుళ్ళవు. మనం పచ్చగా ఉండాలని యూరియా మీద యూరియా చల్లుతాం, గడ్డి కుళ్ళేదానికన్నా వేగంగా పెరుగుతుంది. పురుగుమందు కొట్టి వానపాముల్ని చంపుకుంటాం. రోజూ పైపైన నీళ్ళు చిలకరించి వేళ్ళని పైనే ఉండేలా అలవాటు చేస్తాం. ప్రేమకొద్దీ చేసే పనులే, కానీ గడ్డికి మేలు చేయవు.

థాచ్ తీసే పనికి అదును ముఖ్యం. మనవైపు తొలకరి పడి గడ్డి ఊపందుకున్నాక చేయాలి, చలికాలంలో ముట్టుకోకూడదు. డాలస్‌లో మనవాళ్ళ ఇళ్ళ ముందుండే బెర్ముడా కూడా మన గరికే, దానికి వసంతం చివర బాగా పచ్చబడ్డాక చేయడం మంచిది. న్యూజెర్సీ చలిలో పెరిగే కెంటకీ బ్లూగ్రాస్‌కి ఆగస్టు చివర, సెప్టెంబరు సరిపోతాయి.

మట్టి తడిగా ఉండాలి, బురదగా ఉండకూడదు. ముందు గడ్డిని మామూలుకన్నా కాస్త పొట్టిగా కోసి, ఇనుప పళ్ళ రేక్‌తో ఒక దిక్కుగా గట్టిగా లాగి, తర్వాత అడ్డంగా లాగాలి. చేతులు నొప్పి పుడతాయి, పీచు కుప్పలు కుప్పలుగా వస్తుంది. సగం పనయ్యేసరికి లాన్ బోసిపోయి గోధుమరంగులో కనిపిస్తుంది. మా మాలి అక్కడే ఆగిపోయాడు.

“ఇంత గీకితే గడ్డి సచ్చిపోతది సార్.”

“వేళ్ళు ఊడి రానంతవరకూ ఏం కాదన్నా. కణుపులున్నాయి కదా, చిగురేస్తుంది.”

ఆయన భయం సరైనదే. పొర మరీ మందంగా ఉంటే ఒక్కసారే అంతా లాగేయకూడదు, కొంత మరుసటి ఏడాదికి వదిలేయాలి. కొరియన్ గడ్డి నిదానంగా కోలుకుంటుంది, దానితో మరింత ఓపిక కావాలి. పీచు ఎత్తేశాక ఫోర్క్‌తో అక్కడక్కడా గుచ్చి, జల్లించిన కంపోస్టు పావు అంగుళం మించకుండా పరచాలి. కంపోస్టులోని సూక్ష్మజీవులు మిగిలిన పీచును కరిగించే పనిలో పడతాయి. నీళ్ళు చిగురు వచ్చేదాకా మట్టి ఆరకుండా పెట్టి, ఆపైన నాలుగైదు రోజులకోసారి లోతుగా తడపాలి.

తీసిన పీచును చెత్తబండికి ఎత్తకండి. కలుపుమందు కొట్టని లాన్‌దైతే కాస్త పేడ కలిపి గుంటలో వేయండి. కుళ్ళడానికి చాలాకాలం పడుతుంది, అయినా మంచి ఎరువవుతుంది.