ఎంచుకోని చెయ్యి

చేపను కొలవడం చాలా తేలిక. బడిపిల్లవాడికి చూపించినా పూట తిరక్కుండా నేర్చేసుకుంటాడు. మిల్లీమీటర్ల గీతలున్న పలక, దానికి ఒక చివర నిలువుగా బిగించిన చెక్క. చేప మూతిని చెక్కకు ఆనించి, తోకను సర్ది, కొస ఏ గీత దగ్గరకు వచ్చిందో చదవడమే. మత్స్య పరిశోధనలో ఇంతకన్నా చవకైన పరికరం దొరకదు. కష్టమంతా చేప పలక మీదికి రాకముందే ఉంది. గంపలో ఇన్ని ఉండగా దేన్ని తీయాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారేసరికి సోనా బోట్లనే ట్రాలర్లు జెట్టీకి చేరతాయి. కళాసీలు సరుకు దించుతారు, కుప్పలు పడతాయి, వేలం పాట మొదలవుతుంది. ఆ హడావిడిలో కానాగంతల గంప ముందు కూర్చున్నప్పుడు చెయ్యి తనంతట తానే ఒక పని చేస్తుంది. నిగనిగలాడేదాన్ని, నిండుగా ఉన్నదాన్ని, తోక చెదరనిదాన్ని పట్టుకుంటుంది. నలిగినదాన్ని, సన్నదాన్ని, అడుగున ఐసులో ఇరుక్కున్నదాన్ని వదిలేస్తుంది. కూరకు ఏరడం చిన్నప్పటి నుంచి అలవాటైన చెయ్యి అది. దాని ఇష్టానికి వదిలి సగటు కడితే, సముద్రంలో చేపలన్నీ బ్రహ్మాండంగా పెరుగుతున్నాయని కాగితం చెబుతుంది.

చెయ్యి ఒక్కటే కాదు, మనుషుల మంచితనం కూడా అటే లాగుతుంది. పలక పట్టుకుని కూర్చుంటే చేపలమ్మే ఆవిడ జాలిపడుతుంది. ‘సన్నవి కొలిసి ఏటి సేత్తావు బాబూ, ఇదిగో ఇది తీసుకో’ అని గంపలోకెల్లా పెద్దదాన్ని తీసి చేతిలో పెడుతుంది. అది మర్యాద. కాదంటే చిన్నబుచ్చుకుంటుంది, తీసుకుంటే లెక్క పాడవుతుంది. ఆ చేపను మెచ్చుకుని, పక్కన పెట్టి, గంపలో ఒక అంచు నుంచి అడుగుదాకా చెయ్యి పోనిచ్చి, వచ్చినవన్నీ వచ్చినట్టే కొలవాలి. చేపలు కొలిచే మా వృత్తిలో నేర్పరితనం అంటూ ఉంటే అదే. ఎంచుకోవడం కాదు, ఎంచుకోకుండా ఉండటం.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కుండ ఒకటే, మంట ఒకటే, గరిటె అంతటా తిరిగింది కాబట్టి అక్కడ చెల్లుతుంది. సముద్రాన్ని ఎవరూ కలియబెట్టలేదు. పిల్లచేపలు ఒకచోట, ఈడొచ్చినవి ఇంకోచోట. ఈ వారం ఒడ్డు దగ్గర తిరిగిన గుంపు వచ్చే వారం లోతుకు పోతుంది. అందుకని ఏ మెతుకు పట్టాలో ముందే నియమం పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ నియమం ఎంత కచ్చితంగా ఉంటుందో చూడాలంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ పద్ధతి చూడాలి. 1947లో పుట్టి, ఇప్పుడు కొచ్చి కేంద్రంగా పనిచేస్తున్న ఈ సంస్థ దేశ తీరమంతటా ఒడ్డుకు చేరే చేపను అంచనా కడుతుంది. ప్రతి రేవులో ప్రతి రోజూ మనిషిని పెట్టడం కుదరదు. అలాగని ఏ రేవుకు ఎప్పుడు వెళ్లాలో పరిశీలకుడి ఇష్టానికీ వదలలేదు. నెలను పదేసి రోజుల భాగాలు చేసి, రోజులను లాటరీ పద్ధతిలో తీస్తారు. మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 వరకు రేవులో ఉండాలి. మళ్లీ మర్నాడు ఉదయం 6 నుంచి 12 వరకు ఉండాలి. మధ్యలో రాత్రి దిగిన సరుకు సంగతి అడిగి రాసుకోవాలి. పడవలు ఎక్కువగా వస్తే వాటిలో ఎన్నింటిని చూడాలో కూడా లెక్క ఉంది. ఎండగా ఉందనో, ఫలానా సరంగు మనవాడనో మినహాయింపు లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, మన చేప తన వయసు తేలిగ్గా చెప్పదు. చేప చెవిలో చిన్న రాయి ఉంటుంది. చలి సముద్రాల్లో దాని మీద ఏటేటా ఒక వలయం పడుతుంది. 1899లో జర్మనీకి చెందిన రైబిష్ ప్లెయిస్ అనే బల్లపరుపు చేపలో ఆ వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పాడు. మన నీళ్లలో అంత గట్టి చలికాలం లేదు, వలయాలు అంత స్పష్టంగా పడవు. రైబిష్ కన్నా ముందే డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ ఇంకో దారి చూపించాడు. బోలెడన్ని చేపల పొడవులు కొలిచి గ్రాఫు గీస్తే మిట్టలు మిట్టలుగా వస్తుంది. ఒక్కో మిట్ట ఒక్కో ఏడు పుట్టిన సంతానం. రెండు మిట్టల మధ్య దూరం ఏడాది ఎదుగుదల. ఇక్కడా మనకు చిక్కే. మన చేపల్లో చాలావాటికి గుడ్లు పెట్టే కాలం నెలల తరబడి సాగుతుంది, మిట్టలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 1980ల ఆరంభంలో డేనియల్ పాలీ మనీలాలో పనిచేస్తూ, నెలనెలా ఆ మిట్టలు ఎలా జరుగుతున్నాయో వెతికి పట్టే కంప్యూటర్ పద్ధతి ఒకటి తయారు చేశాడు. ఎలిఫాన్ అని దానికి పేరు. ఉష్ణమండల దేశాల పరిశోధకులకు అది పెద్ద ఆసరా అయింది. కానీ ఆ పద్ధతికి పెట్టుబడి ఈ పొడవులే. ఈ నెల చెయ్యి పెద్దవాటి మీదికి పోతే మిట్ట కుడికి జరుగుతుంది. చేప పెరిగిందనుకుంటుంది కంప్యూటర్. పెరిగింది చేప కాదు, మన ఆశ.

మా విశాఖలోనే, ఇదే ఒడ్డున, ఈ కొలతలకు పూర్తిగా వేరైన పని చేసినవాడు ప్యాట్రిక్ రస్సెల్. ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖపట్నంలో ఉన్న ఈ స్కాట్లాండ్ వైద్యుడు ఇక్కడి చేపల్లో 200 రకాలకు బొమ్మలు గీయించి, జాలర్ల నోట విన్న పేర్లతో సహా 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. మన కానాగంతకు శాస్త్రంలో ఉన్న కనగుర్త అనే పేరు అలా వెళ్లిందే. 1816లో ఫ్రెంచ్ పండితుడు క్యూవియె ఆ గ్రంథంలోని బొమ్మనే ఆధారం చేసుకుని ఆ పేరు ఖాయం చేశాడు. రస్సెల్‌కు కావలసింది రకానికి ఒక్కటి. అంగాంగం సరిగ్గా ఉన్నది, బొమ్మకు పనికొచ్చేది. అతని చెయ్యి ఏరి తీరాలి. మాకు కావలసింది ఒకే రకంలో వందలు, బొమ్మకు పనికిరానివి కూడా. చేపను చూసి మురిసిపోయే అదృష్టం అతనిది. నాకూ ఆ బుద్ధి లేకపోలేదు, కానీ పలక ముందు దాన్ని అణుచుకోవాలి. ఆదివారం ఇంటికి చేపలు కొనేటప్పుడు మాత్రం ఈ నియమాలేవీ పాటించను.

మేము ఎంచుకోకపోయినా, మాకన్నా ముందు చాలామంది ఎంచుకుని ఉంటారు. వల కన్ను ఒకసారి ఏరుతుంది, సన్నవి జారిపోతాయి. సరంగు ఒకసారి ఏరుతాడు, చేప ఉన్నచోటికే బోటు తిప్పుతాడు. ధర ఇంకోసారి ఏరుతుంది. రొయ్య, చందువ, కోనాం వేరే వేరే పెట్టెల్లోకి పోతాయి. పిల్లచేపలు ఎవరూ పాట పాడని కుప్పలో కలిసి పొడి మిల్లుకు వెళ్తాయి. కాబట్టి రేవులో కనబడేది సముద్రం కాదు, ఇందరి చేతుల మీదుగా వచ్చిన సముద్రం. ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో కెనడాలోని న్యూఫౌండ్లాండ్ చూసింది. 1980ల్లో అక్కడి కాడ్ చేపల నిల్వను అంచనా కట్టినప్పుడు పెద్ద ట్రాలర్లకు గంటకు ఎంత పడుతోందన్న లెక్కకు చాలా విలువిచ్చారు. ట్రాలర్లు మిగిలిన గుంపులను వెతుక్కుంటూ వెళ్లాయి, పరికరాలు మెరుగయ్యాయి. సముద్రంలో చేప తరిగిపోతున్నా వలలో తరగలేదు. ఒడ్డు దగ్గర చిన్న పడవల్లో వేటాడేవాళ్లు చేప తగ్గింది, సన్నబడింది అని మొత్తుకున్నారు. ఆ మాట లెక్కలోకి ఎక్కలేదు. 1992 జులై 2న ప్రభుత్వం వేట ఆపేసింది. సుమారు 30 వేల మంది ఉపాధి పోయింది.

సన్న చేప కొలిచి ఏం చేస్తావన్న ప్రశ్నకు జవాబు కేరళలో ఉంది. 2015లో ఆ రాష్ట్రం 14 రకాలకు కనీస పొడవు నిర్ణయించి, అంతకన్నా చిన్నవి పట్టకూడదంది. కానాగంతకు 14 సెంటీమీటర్లు, నూనె కవళ్లకు 10. ఇలాంటి హద్దు గీయాలంటే చేప ఏ పొడవులో ఈడుకొస్తుందో తెలియాలి. అది తెలియాలంటే ఈడుకు రానివాటిని కూడా కోసి చూడాలి. గంపలో పెద్దవే ఏరుకున్నవాడికి అన్నీ గుడ్లతోనే కనిపిస్తాయి. ఎక్కడ మొదలైందో ఎప్పటికీ తెలియదు. ఆ హద్దు తప్పుగా పడితే జరిమానా కట్టేది మేము కాదు, జాలరి. మా చేతి వాటానికి అతని వలా పడవా మూల్యం చెల్లించకూడదు.

అందుకే కొత్తగా పనిలో చేరినవాళ్లకు నేను పలక కన్నా ముందు నోట్‌బుక్ చూపిస్తాను. అందులో ఎడమ పేజీలో కొలిచినవి, కుడి పేజీలో కొలవలేకపోయినవి. లారీ ఎక్కేసిన పెట్టెలు, ముట్టుకోనివ్వని గంప, తుపాను హెచ్చరికతో రాని బోట్లు అన్నీ అక్కడ పడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో ట్రాలర్ల గడి ఖాళీగానే ఉండాలి, ముందు నెల అంకెతో పూడ్చకూడదు. పై అధికారులకు నిండు పట్టిక ముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ రేపు ఆ అంకెలు పట్టుకుని వేటకు హద్దులు గీసేవాళ్లకు, మనకు తెలిసింది ఎంతో తెలియనిది ఎంతో రెండూ కావాలి. ఎడమ పేజీ నమ్మదగ్గదో కాదో కుడి పేజీ చూస్తేనే తెలుస్తుంది.