ఏ దారిన ఎక్కాడమ్మా?

కథలకీ, సినిమాలకీ విమర్శ ఉన్నట్టే రికార్డులకీ ఒక విమర్శ ఉండాలని మొన్న ముంచింగిపుట్టులో నాకు గట్టిగా తోచింది. నవ్వకండి. సినిమా చూసొచ్చి, "అంత వానలో తడిసినా ఆ పిల్ల కాటుక చెదరలేదేం?" అని అడుగుతామా లేదా? ఆ పాటి అనుమానం రికార్డు దగ్గరా రావాలి కదూ!

మా అక్క కొడుకు అక్కడ బడిలో మాస్టారు. దుడుమ జలపాతం చూపిస్తానంటే అక్కా, నేనూ వెళ్ళాం. వెళ్ళిన సాయంత్రమే ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పిన్నీ, కాస్త భాష దిద్దిపెట్టవూ?" అన్నాడు. ఊరి పక్కనున్న 1,200 మీటర్ల కొండని 16 నిమిషాల్లో పరుగున ఎక్కేశాట్ట. రుసుం కడితే ఏదో రికార్డుల పుస్తకంవాళ్ళు పతకం, సర్టిఫికెట్టు పంపిస్తారట. రుసుం అక్క చీటీ డబ్బులోంచి. అక్క అప్పటికే గోడమీద మేకు కొట్టించి ఉంచింది.

భాష బాగానే ఉంది. లెక్కే మింగుడు పడలేదు. స్విట్జర్లాండులో ఫుల్లీ అనే ఊళ్ళో, అడుగునుంచి పైకి సరిగ్గా 1,000 మీటర్ల ఎత్తు ఎక్కే పందెం ఉంది. 2017లో ఇటలీవాడు ఫిలిప్ గోచ్ దాన్ని 28 నిమిషాల 53 సెకన్లలో ఎక్కాడు. అంటే నిమిషానికి 35 మీటర్లకి కాస్త తక్కువ. మావాడి కాగితం ప్రకారం నిమిషానికి 75!

"ఒరేయ్, ఈ 1,200 ఎక్కణ్ణించి వచ్చింది?"

"మ్యాపులో ఉంది పిన్నీ."

ఉంటుంది. మ్యాపులో ఎత్తు సముద్రమట్టంనుంచి వేస్తారు. ముంచింగిపుట్టు ఊరే సముద్రానికి ఎన్నో వందల మీటర్ల ఎత్తున కూర్చుంది. "అయితే విశాఖ బీచి దగ్గర మొదలెట్టావన్నమాట" అన్నాను. మర్నాడు వాడి ఫోనులోనే కొండ అడుగున ఒక అంకె, పైన ఒక అంకె చూసుకు రమ్మన్నాను. తీసేస్తే మిగిలింది 280.

"పిల్లాడు చెమటోడ్చి ఎక్కితే నువ్వు కూర్చుని తీసివేతలు చేస్తావేమిటే?" అని అక్క విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

తీసివేతలు చెయ్యకపోతే ఏమవుతుందో ఎవరెస్టు చెబుతుంది. 2003లో లక్పా గేలు షెర్పా బేస్ క్యాంపునుంచి శిఖరానికి 10 గంటల 56 నిమిషాల్లో చేరాడు. మరుసటి ఏడు పెంబా దోర్జే షెర్పా 8 గంటల 10 నిమిషాలే పట్టిందన్నాడు. నమ్మినవాళ్ళు నమ్మారు, రికార్డు చేతులు మారింది. ఆ మాటకి ఆధారం లేదని నేపాల్ సుప్రీంకోర్టు తేల్చేసరికి 2017 వచ్చింది. ఈ మధ్యలో పదమూడేళ్ళు! అన్నేళ్ళూ లక్పా గేలుకి ఎలా ఉండి ఉంటుంది చెప్పండి. 2016లో పుణె పోలీసుశాఖ దంపతులు ఇద్దరు ఇంకొకరి శిఖరం ఫోటోని మార్చి తమదిగా చూపించి దొరికిపోతే, నేపాల్ వాళ్ళని పదేళ్ళు కొండల గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు ఉపగ్రహాలతో మాట్లాడే చేతిగడియారాలొచ్చాయి, ఎప్పుడు ఎక్కడున్నామో సెకన్లతో సహా రాసిపెడతాయి. మంచిదే. కాని తను ఎవరి చేతికుందో గడియారానికి తెలీదు.

అన్నీ అబద్ధాలేనా అంటే కాదు. నెల్లూరు జిల్లా బిడ్డ, కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకున్న మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలు ఎక్కాడు. జనవరి 19న మొదటిది, జూలై 10న చివరిది. 172 రోజులు. నేను వేళ్ళమీద లెక్కపెట్టాను, సరిగ్గా సరిపోయింది. తేదీలూ శిఖరాలూ విప్పి ముందు పెట్టిన లెక్క అది. ఎవరైనా కూడి చూసుకోవచ్చు. 2015లో ఆయన ఆండీస్ కొండల్లోనే కన్నుమూశాడు.

ఈ సంగతులన్నీ వంటింటి గుమ్మంలో నించుని అక్కకి వినిపించాను. ఉలకలేదు, పలకలేదు. ఇంతలో సంతనుంచి పసుపు కొమ్ములు తెచ్చిచ్చే ఆవిడ వచ్చింది. కొండమీది పల్లెనుంచి నెత్తిన బుట్టతో దిగి, మళ్ళీ బుట్టతోనే ఎక్కే మనిషి. మా అక్క ఆవిడతో మొరపెట్టుకుంది: "మావాడు కొండ పావుగంటలో ఎక్కితే మా చెల్లెలు నమ్మనంటుంది!"

ఆవిడ బుట్ట దింపి, తీరిగ్గా అడిగింది: "ఏ దారిన ఎక్కాడమ్మా?"

నాకు సిగ్గేసింది. నా తీసివేతల్లో ఈ ప్రశ్నే రాలేదు! ఆ కొండకి మేకలదారి ఉంది, చుట్టూ తిరిగి వచ్చే బండిబాట ఉంది. మేకలదారి సగం దూరం, రెట్టింపు ఆయాసం. మా పెద్ద చదువుల బుర్రలకి తట్టనిది ఆవిడకి మొదటే తట్టింది. దారి చెప్పకుండా నిమిషాలు చెబితే, రేపు నిజంగా బండిబాటన పరుగెత్తిన పిల్ల దీనికన్నా వెనకబడ్డట్టు కనిపించదూ? ఆ ఊళ్ళో అలా పరుగెత్తగలిగే పిల్లలు ఎందరో. వాళ్ళకి రుసుం కట్టడానికి చీటీ డబ్బు లేదు, అంతే.

"ఇంకెవరు చూశారు బాబూ?" అంది ఆవిడ మళ్ళీ. మావాడు తల గోక్కున్నాడు. ఎవరూ చూడలేదు. గడియారం కూడా సగం ఎక్కాక గుర్తొచ్చి నొక్కాట్ట!

ఆదివారం మళ్ళీ ఎక్కాడు. కింద నేను, పైన ఆవిడ కూతురు, ఇద్దరం గడియారాలు ముందే కలుపుకున్నాం. దారిలో నీళ్ళివ్వడానికి ఎవర్నీ పెట్టుకోలేదు. ఆ మాట కూడా రాయించాను, ఎందుకంటే ఒకరి సాయంతో ఎక్కడం వేరు, ఒంటరిగా ఎక్కడం వేరు. కొత్త కాగితంలో ఇలా ఉంది: "మేకలదారి. ఎక్కిన ఎత్తు 280 మీటర్లు. 19 నిమిషాలు. చూసినవారు ఇద్దరు."

పతకాలవాళ్ళకి అది పంపలేదు. అక్క చీటీ డబ్బు బీరువాలోనే ఉంది, రెండ్రోజులు నాతో మాట్లాడలేదు కూడా. బస్సెక్కేటప్పుడు మాత్రం పసుపు పొట్లం నా సంచిలో కుక్కుతూ, "ఆ పిల్ల ఎంతసేపట్లో ఎక్కిందటే పైకి, వీడికన్నా ముందే వెళ్ళి నించుందిగా?" అంది.

అది మేమెవరం చూడలేదు.