ఎడారి అంచున గుర్రప్పందేలు, ఊరి అంగడి

ఆస్ట్రేలియాలో సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల పచ్చిక మైదానాల మీద పేరుమోసిన జాకీలతో, వంశావళి రాసిపెట్టిన మేలుజాతి గుర్రాలతో జరిగే పందేలు ఒక తీరు కాగా, నగరాలకు వందల మైళ్ళ దూరాన, ఎర్రమట్టి బీళ్ళలో ఏడాదికొకసారి జరిగే పల్లెపందేలు మరొక తీరు. క్వీన్స్‌లాండ్ నైరుతి మూలన, సింప్సన్ ఎడారి అంచున, డయమంటీనా నది ఒడ్డున ఉన్న బర్డ్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో 1882 సెప్టెంబరులో మొదలైన పందేలు ఈ రెండవ తీరుకు పేరుపొందిన ఉదాహరణ. ఆ మొదటి పందేలు మూడు రోజులు సాగగా, వాటికి హాజరైన సుమారు 150 మందీ చుట్టుపక్కల పశుక్షేత్రాల యజమానులు, అజమాయిషీదారులు, పనివాళ్ళు. పరుగెత్తినవి రోజూ మందలను తోలే గుర్రాలు. దాదాపు 200 పౌండ్ల బహుమతి సొమ్ము ఆ ప్రాంతపు భూస్వాములు చందాలు వేసుకుని పోగుచేసినది.

ఇటువంటి పందేలను క్రీడల చరిత్రలోనూ, ఊరి అంగడిని వ్యాపార చరిత్రలోనూ విడివిడిగా చదవడం పరిపాటి అయింది గాని, అలా చదివితే రెండూ సగమే అర్థమవుతాయి. ఒక్కొక్క పశుక్షేత్రం మన తాలూకా అంత విస్తీర్ణంలో ఉండి, పొరుగువాడి ఇల్లు ఒక రోజు ప్రయాణమైన చోట, కొనేవాడూ అమ్మేవాడూ, అప్పిచ్చినవాడూ తీసుకున్నవాడూ, పని కావలసినవాడూ ఇవ్వగలవాడూ ఒకేసారి ఒకే చోట కనబడే సందర్భం ఏడాదికి ఒకటో రెండో మాత్రమే వచ్చేది. మన తిరునాళ్ళలో మొక్కుతో పాటు ఎడ్ల బేరమూ కుండల బేరమూ సాగినట్టే అక్కడ పందెం చుట్టూ బేరసారాలు అల్లుకున్నాయి. అంతకంటే ముఖ్యమైన పోలిక వీటి లోపలి పనితీరులో ఉంది: సమానం కాని గుర్రాలను బరువు లెక్కతో ఒక వరసలో నిలబెట్టడం పందెపు విద్య అయితే, చేతిలో డబ్బు ఆడని మనుషులకు నమ్మకపు లెక్క మీద సరుకు ఇవ్వడం అంగడి విద్య.

బర్డ్స్‌విల్ పుట్టుకే వ్యాపారంతో ముడిపడింది. దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దు ఆ ఊరికి దగ్గరలోనే ఉండడం వల్ల, 1901లో ఆరు వలసరాజ్యాలు ఒకే సమాఖ్యగా కలిసేదాకా, ఒక వలసరాజ్యం నుంచి మరొకదానికి దాటే మందల మీదా సరుకుల మీదా అక్కడ సుంకం వసూలు చేసేవారు. ఉత్తరాది మందలు అక్కడి నుంచి దక్షిణానికి, సుమారు 520 కిలోమీటర్ల దారిన నడిచి, 1884లో రైలు చేరిన మరీ అనే ఊరికి వెళ్ళేవి. అదే దారిన సరుకులు ఎదురు వచ్చేవి. నీళ్ళు దొరకని ఆ దారిలో గుర్రపు బండ్ల కన్నా ఒంటెలు మేలని తేలడంతో, అఫ్ఘానిస్థాన్, బలూచిస్థాన్, సింధు, పంజాబు ప్రాంతాల నుంచి వెళ్ళిన ఒంటెల వాళ్ళు ఈ రవాణాకు ఆధారమయ్యారు. ఎక్కడి వారైనా అందరినీ ‘అఫ్ఘాన్’ అనే పిలవడం అక్కడి అలవాటు.

పల్లెపందేల పట్టికను చూస్తే ఎవరి డబ్బుతో ఆ వేడుక నడిచిందో పేర్లలోనే కనిపిస్తుంది. ‘పబ్లికన్స్ పర్స్’ అనేది సారాయి అంగడి నడిపేవారి బహుమతి. ‘ట్రేడ్స్‌మెన్స్ ప్లేట్’ అనేది ఊరి వర్తకుల చందా. ‘లేడీస్ బ్రేస్‌లెట్’ పందెంలో గెలిచినవారికి నగదుకు బదులు చేతికంకణం ఇచ్చేవారు. అంతవరకు ఏ పందెమూ గెలవని గుర్రాలకు ‘మెయిడెన్’ అనే పందెం, ఆ ఏటి పందేల్లో ఓడిన గుర్రాలకు చివర ఒక ఊరట పందెం ఉండేవి. వర్తకుడు ఇచ్చిన చందా దానం కింద పోయేది కాదు. మైదానంలో మద్యం, తిండి అమ్ముకునే పాకల హక్కును పందేల సంఘం ముందుగా వేలం వేసేది. గేటు వసూలు హక్కును కూడా పాటకు పెట్టే సంఘాలుండేవి. పాట పాడుకున్నవాడు తాత్కాలిక లైసెన్సు తెచ్చుకుని, ఆ రెండు మూడు రోజుల్లోనే పెట్టుబడీ లాభమూ రాబట్టుకోవాలి గనుక, గుర్రాల సత్తాను అంచనా కట్టడంలో పందేలు కట్టించుకునే బుకీకి ఎంత నేర్పు కావాలో జనం దాహాన్ని అంచనా కట్టడంలో ఇతనికీ అంత నేర్పు కావలసివచ్చేది.

గుర్రాల విషయంలో పల్లెసంఘాలు పెట్టుకున్న నియమాల్లో మెచ్చదగినది ‘గడ్డిమేత’ నియమం. పందేనికి ముందు కొంతకాలం గుర్రాన్ని సాలలో కట్టి ఓట్స్ ధాన్యం తినిపించకూడదు. అది బీట్లో గడ్డి మేసి పెరిగిన గుర్రమే అయి ఉండాలి. కొన్ని చోట్ల పోటీ గుర్రాలన్నిటినీ వారాల ముందే తెచ్చి సంఘం పర్యవేక్షణలో ఒకే బీట్లో వదిలేవారు. ధాన్యం దండిగా కొనగలిగిన ధనికుడి గుర్రమూ, కూలికి మందలు తోలే మనిషి గుర్రమూ ఒకే మేత తిని ఒకే గీత దగ్గర నిలబడాలన్నది దీని ఉద్దేశం. గుర్రం వయసును బట్టి మోయవలసిన బరువు మారుతుంది గనుక వయసు నిర్ధారణ కూడా ముఖ్యమే. ఆస్ట్రేలియాలో పందెపు గుర్రాలన్నిటికీ ఆగస్టు 1నే ఏడు నిండినట్టు లెక్క. పుట్టుక కాగితాలు లేని గుర్రానికి పళ్ళే సాక్ష్యం: పై పెదవి ఎత్తి ముందుపళ్ళు చూసి, పాలపళ్ళు ఎన్ని రాలాయో, శాశ్వత దంతాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టేవారు. అయిదో ఏటికి ముందుపళ్ళన్నీ మారిపోతాయి. ఆ తరువాత పంటి పైభాగపు గుంట ఎంత అరిగిందన్నదే ఆధారం. బేరం దగ్గరా పందెం దగ్గరా ఒకే పరీక్ష గనుక, పందేల మైదానమే గుర్రాల అంగడి కూడా అయింది.

ఈ గుర్రాలకు మన దేశంతోనూ కొంత సంబంధం ఉంది. న్యూ సౌత్ వేల్స్ పేరు మీదుగా ‘వేలర్’ అని పిలిచిన ఆస్ట్రేలియా గుర్రాలు పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు, కలకత్తా రేవులకు ఓడల మీద వచ్చి, ఇక్కడి సైన్యపు అశ్వదళాలలో చేరాయి. ఎడారి అంచున మందలు తోలడానికి పెంచిన ఓపిక, తక్కువ మేతతో నెట్టుకొచ్చే గుణం సైన్యానికి కూడా కావలసినవే.

పందెపు విద్యలో అసలైన భాగం ‘హేండీకాప్’, అంటే గుర్రాల శక్తిలోని తేడాను బరువుతో సరిచేసే పద్ధతి. హైదరాబాదు మలక్‌పేట పందేలు చూసినవారికి ఇది కొత్త కాదు. ప్రతి గుర్రం వెనుకటి పరుగులను పరిశీలించి, మేటి గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైన దానికి తక్కువ బరువు కేటాయించే అధికారిని హేండీకాపర్ అంటారు. ఆంగ్లేయ సంప్రదాయంలో బరువును స్టోన్లలో చెబుతారు. ఒక స్టోను 14 పౌండ్లు, అంటే ఆరు కిలోలకు కాస్త పైన. మైలు దూరపు పందెంలో ఒక గుర్రం నిడివి తేడాకు సుమారు రెండు పౌండ్ల బరువు సరిపోతుందని, దూరం తగ్గితే ఒక్కో నిడివికి ఇంకా ఎక్కువ, పెరిగితే తక్కువ పడుతుందని పాతకాలపు మోటు లెక్క. మైలు పందెంలో మూడు నిడివుల తేడాతో గెలిచిన గుర్రం అదే ప్రత్యర్థితో మళ్ళీ తలపడితే, ఈ లెక్క ప్రకారం, ఆరు పౌండ్లు అదనంగా మోయాలి. అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటితే హేండీకాపరు పని నూటికి నూరుపాళ్ళూ నెగ్గినట్టు. ఆ రోజు గుర్రపు యజమానులందరూ అతణ్ణి తిట్టుకుంటారన్నది వేరే సంగతి.

లెక్క కాగితం మీద ఉంటే చాలదు, తూకంలో కనబడాలి. పందేనికి ముందు జాకీ జీనుతో సహా త్రాసు ఎక్కేవాడు. కేటాయించిన బరువుకు తక్కువైతే, జీను కింది గుడ్డ సంచుల్లో సీసపు రేకులు పెట్టి సరిచేసేవారు. పరుగు ముగిశాక గెలిచినవాడు ఎవరి చేతా జీను ముట్టనివ్వకుండా తానే విప్పి మోసుకువచ్చి మళ్ళీ తూగాలి. తూకం అధికారి ‘బరువు సరి’ అని ప్రకటించేదాకా బుకీ పైసా ఇవ్వడు. దారిలో ఒక రేకు జారిపడితే గెలుపు కూడా జారిపోయినట్టే. ఆరంభానికి మొదట్లో జెండా ఊపేవారు. గుర్రాలు తోసుకుంటూ ముందుకు దూకడం, మళ్ళీ వెనక్కి పిలవడం పెద్ద తలనొప్పి కాగా, 1894లో ఆస్ట్రేలియాలోనే అమలులోకి వచ్చిన అడ్డుతీగ యంత్రం దానిని కొంత తగ్గించింది. ముగింపు దగ్గర మాత్రం, ఫోటో యంత్రాలు వచ్చేదాకా, ధూళిలో నుంచి చూసే ఒకే ఒక్క న్యాయనిర్ణేత కన్నే ప్రమాణం.

పందెం కాసేవారికి ఎదురుగా తోలుసంచి మెడకు తగిలించుకుని నిలబడే బుకీ పక్కన, ప్రతి పందాన్నీ పద్దు పుస్తకంలో రాసే గుమాస్తా ఉంటాడు. బుకీ బతుకంతా ఆ పద్దులోనే ఉంది. నాలుగు గుర్రాలు సమానమైన సత్తా గలవనుకుంటే, న్యాయమైన ధర ఒకటికి మూడు. బుకీ రెండుకు అయిదు అంటాడు, అంటే రెండు పౌండ్లు కాసి గెలిచినవాడికి అసలు కాక అయిదు పౌండ్లు వస్తాయి. నాలుగింటి మీదా తలా వంద పౌండ్లు పడితే బుకీ చేతికి నాలుగు వందలు వస్తాయి. ఏది గెలిచినా అసలుతో కలిపి మూడు వందల యాభై ఇస్తే సరి, యాభై అతనివి. జనం ఒకే గుర్రం మీద ఎగబడితే దాని ధర తగ్గించి, మిగిలినవాటి ధర పెంచి, పద్దును మళ్ళీ తూకానికి తెస్తాడు. ఇది కాక, పందెం ముందురాత్రి హోటల్లో ‘కలకత్తా’ జరిగేది. కలకత్తా పందెపు సంఘం నుంచి పేరు తెచ్చుకున్న ఈ పద్ధతిలో ముందు చీట్లు అమ్మి, లాటరీ తీసి, ఎవరికి ఏ గుర్రం వచ్చిందో తేల్చి, ఆ పైన ఒక్కొక్క గుర్రాన్నీ వేలం వేస్తారు. పాటలో సగం చీటీ దక్కినవాడికి పోతుంది, లేదా అతనే మిగతా సగం కట్టి గుర్రాన్ని నిలుపుకుంటాడు. పోగైన సొమ్ములో సంఘం వాటా తీసి, మొదటి మూడు స్థానాల గుర్రాలను పాడుకున్నవారికి పంచుతారు. ఊళ్ళో ఎవరి దగ్గర ఎంత డబ్బు ఆడుతున్నదో అంగడి యజమానికి ఆ రాత్రి తెలిసినంతగా ఇంకెప్పుడూ తెలియదు.

అతనికి అది తెలియడం అవసరం కూడా. మారుమూల అంగడి ఏడాది పొడుగునా అరువు మీదే నడిచేది. గొర్రెల ఉన్ని కత్తిరించి అమ్మితే గాని, మంద సంతకు చేరితే గాని పశుక్షేత్రానికి సొమ్ము రాదు. అప్పటిదాకా రెండు వందల పౌండ్లు తూగే పిండి బస్తాలు, డెబ్బై పౌండ్లు తూగే పంచదార బస్తాలు, పెట్టెల కొద్దీ తేయాకు ఖాతాలో రాయించుకుని తీసుకుపోయేవారు. పనివాడి వారపు బత్తెం ఒక సూత్రంలా అందరి నోటా ఉండేది: పిండి పది పౌండ్లు, మాంసం పది, పంచదార రెండు, తేయాకు పావు. కూరగాయలకు అందులో చోటే లేదు. అంగట్లో బల్లకు అవతల యజమాని, ఇవతల కొనుగోలుదారు. గుర్రపు నాడాలు, లాంతర్లు, బూట్లు, గుడ్డ తానులు, మందు సీసాలు ఒకే కప్పు కింద ఉండేవి. ఏది కావాలన్నా అడిగి తీయించుకుని, తూయించుకుని, కొలిపించుకోవలసిందే.

నాణేల కొరత వల్ల వర్తకులు, పశుక్షేత్రాల వారు తమ సంతకంతో చిన్న చిన్న కాగితపు చీటీలు నోట్లలా చలామణి చేశారు. వీటిని ‘షిన్‌ప్లాస్టర్లు’ అనేవారు. ఇచ్చినవాడి అంగట్లోనే చెల్లే ఆ చీటీలను కొందరు పొయ్యిలో కాల్చి పెళుసుబార్చేవారని, జేబులో నలిగి పొడైపోతే తిరిగి చెల్లించే పని తప్పుతుందన్నది వారి ఎత్తని చెప్పుకునేవారు. 1910లో ప్రైవేటు నోట్ల మీద నూటికి పది చొప్పున పన్ను వేయడంతో వీటి కాలం చెల్లింది. పందేల వారంలో ఈ చీటీలూ, ఏడాది బాకీలూ, కొత్త గుడ్డల బేరాలూ ఒకేసారి బల్ల మీదికి వచ్చేవి. రాత్రి నృత్యానికి కావలసిన పట్టు రిబ్బన్లు, చేతి తొడుగులు ఆడవారికి ఊరి అంగట్లో దొరకకపోతే, సిడ్నీలోని ఆంథనీ హోర్డర్న్ వంటి పెద్ద దుకాణాల సచిత్ర జాబితాలు చూసి టపాలో తెప్పించుకునేవారు. లేదా వాకిట్లోకి వచ్చే బండి వర్తకుల దగ్గర కొనేవారు. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ పల్లెల్లో లైసెన్సు తీసుకుని బండి నిండా అరలు కట్టి సూదులు, దారాలు, గుడ్డలు అమ్మినవారిలో పంజాబు నుంచి వెళ్ళిన సిక్కులు, ముస్లిములు చాలామంది ఉన్నారు. 1901 నాటి వలస నియంత్రణ చట్టం తరువాత వారి తోవలో కొత్తవారు రావడం దాదాపు ఆగిపోయింది.

ఇంత జాగ్రత్తగా తూచిన ఆ సమాజం అందరినీ త్రాసు మీదికి రానివ్వలేదు. మందలను తోలినవారిలో, గుర్రాలను మచ్చిక చేసినవారిలో ఆదివాసులు ఎందరో ఉన్నా, వారికి చాలాచోట్ల దక్కింది బత్తెమే. క్వీన్స్‌లాండ్‌లో 1897 నాటి చట్టం వారి ఉద్యోగాన్నీ, తరువాతి సవరణలతో వారి జీతాన్నీ ప్రభుత్వ సంరక్షకుల చేతిలో పెట్టింది; తమ సొమ్ము తాము వాడుకోవడానికి అధికారి అనుమతి కావలసివచ్చేది. తెల్ల కూలీలకు మరో రకం నష్టం. నెలల తరబడి ఎండలో సంపాదించిన చెక్కును హోటలు యజమాని చేతిలో పెట్టి, అది తరిగిపోయేదాకా తాగడం అక్కడ అందరికీ తెలిసిన ఆనవాయితీ. గడ్డిమేత నియమంతో గుర్రాలకు ఇచ్చిన సమానత్వాన్ని మనుషులకు ఇవ్వలేకపోవడం ఈ సంప్రదాయపు పెద్ద లోటు.

మోటారు బండ్లు వచ్చి దూరం తగ్గించాక, ఏడాది బాకీ కోసం ఏడాది ఆగవలసిన పని వర్తకుడికి లేకపోయింది. మైదానానికి వెళ్ళకుండానే పందెం కాసే ప్రభుత్వ కౌంటర్లు 1961లో విక్టోరియాలో మొదలై తక్కిన రాష్ట్రాలకు పాకడంతో, పల్లె మైదానపు బుకీల బేరం పలుచబడింది. చాలా ఊళ్ళలో పందేలు ఆగిపోయాయి. వంద చిల్లర జనాభా గల బర్డ్స్‌విల్‌లో మాత్రం ఏటా సెప్టెంబరు మొదట్లో రెండు రోజుల పాటు వేలమంది గుడారాలు వేసుకుని పందేలు చూస్తారు. 2007లో గుర్రాలకు సోకిన ఫ్లూ వల్ల, 2010లో వాన వల్ల అవి జరగలేదు. అక్కడ సమకూరే విరాళాలు, ఆసుపత్రి లేని ప్రాంతాలకు విమానంలో వైద్యులను పంపే రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసుకు చేరుతాయి. ఇప్పుడు వచ్చేవారిలో ఎక్కువమంది దూరపు నగరాల పర్యాటకులు గనుక, ఆ రెండు రోజుల అమ్మకాల్లో అరువు ఖాతాలకు చోటు లేదు. గెలిచిన జాకీ మాత్రం ఇప్పటికీ జీను భుజాన వేసుకుని త్రాసు ఎక్కవలసిందే.