తోముటయు, కళాయియు

మా బాల్యమున మైలాపూరులో, సముద్రపుగాలి రేయింబవళ్లు ఇంటిలోనికి వీచు వీధిలో, మా నాయనమ్మ చింతపండును ఉప్పును కలిపి తోమిన ఇత్తడి బిందె నాలుగు దినములకే మసకబారుచుండెడిది. పులుసు కాచు గిన్నెల విషయమున మాత్రము ఆమె తోముటతో తృప్తి చెందక, కళాయి వేయువానికై ఎదురుచూచెడిది. అతడు వేపచెట్టు క్రింద గుంటలో బొగ్గులు రాజేసి, తిత్తి యూది, కాలిన గిన్నెలో నవాసాగరము చల్లగానే తెల్లని పొగ లేచెడిది. ఆ పొగ విరియకమునుపే తగరము రాచి, దూదితో ఒక్క చుట్టు తిప్పగా గిన్నె లోపల వెండివలె మెరసెడిది. "గాలి తగిలేలోగా పూత పడాలి అమ్మగారూ" అనెడివాడు.

నేడు క్వాంటమ్ కంప్యూటరు నిర్మాతలు శ్రమించుచున్నదియు ఆ విద్యకొరకే. వారు వాడు నియోబియమను లోహము 9.2 కెల్విన్‌లకు దిగువన విద్యున్నిరోధమును సంపూర్ణముగా విడనాడును. ఆ లోహముతో చేసిన వలయమును కెల్విన్‌లో యాబదవ వంతు శైత్యమున నుంచినను, క్యూబిట్, అనగా ఆ కంప్యూటరు గణనకు మూలమైన అంశము, తన శక్తిని క్షణమాత్రమున కోల్పోవుచున్నది. ఏలయనగా, గాలి సోకిన నియోబియముపై సుమారు 5 నానోమీటర్ల మందమున ఆక్సైడు అనెడి చిలుము పట్టును. క్రమము తప్పిన ఆ పొరలో రెండు స్థితుల నడుమ ఊగిసలాడు పరమాణువులు ఆ శక్తిని హరించును. విద్యుద్బంధకపు పొరలలోని ఇట్టి దోషములే ప్రధాన చోరులని 2005లో నిరూపించిన బృందమునకు నాయకుడైన జాన్ మార్టినిస్, 2025లో భౌతికశాస్త్ర నోబెల్ పురస్కారమును పంచుకొన్నవారిలో ఒకరు.

ఆమ్లముతో కడిగిన చిలుము పోవును గాని, గాలి తగిలినంతనే మరల మొలచును, అది తోముట. 2021లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, తనపై పట్టు ఆక్సైడు అంతగా హాని చేయని టాంటలమను లోహమును చేపట్టి, క్యూబిట్ ఆయువును 0.3 మిల్లీసెకనుకు మించి పొడిగించిరి. అమెరికా పరిశోధనశాలయైన ఫెర్మీల్యాబ్‌వారు శూన్యపేటికలో నియోబియమును పరచి, గాలి చొరకమునుపే దానిపై టాంటలమో బంగారమో కప్పి, 0.6 మిల్లీసెకను వరకు సాధించిరి. ఇదియే కళాయి.

అయినను ఆక్సైడు సర్వత్ర శత్రువు కాదు. క్యూబిట్‌కు హృదయమైన జోసెఫ్‌సన్ సంధిలో, రెండు అల్యూమినియము పొరల నడుమ ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడును, ప్రాణవాయువును కొలిచి వదలి, కోరి పెంచుదురు. కనుక ఎచ్చట పెంచవలెనో, ఎచ్చట పుట్టనీయరాదో ఎరిగి చేయుటయే ఈ శిల్పపు సారము. ఈ నేర్పు మన తీరమునకు క్రొత్త కాదు: చెన్నైకి దక్షిణమున, కల్పాక్కములోని ఇందిరాగాంధీ అణుపరిశోధన కేంద్రమువారు నియోబియము పొరల నడుమ అల్యూమినియము ఆక్సైడు నుంచి, గుండె, మెదడుల అతిసూక్ష్మ అయస్కాంత క్షేత్రములను కొలుచు స్క్విడ్ పరికరములను స్వయముగా రూపొందించిరి.

అమరావతిలో క్వాంటమ్ సాంకేతికతకు కేంద్రముగా క్వాంటమ్ వ్యాలీ వెలయుటకు 2025లో సన్నాహములు మొదలైనవి. యంత్రమును కొని తెచ్చుకొనవచ్చును, చేతినేర్పును కొనలేము. మన కళాశాలలు సూత్రములతోపాటు శూన్యపేటిక ముందు నిలిచి పలుచని లోహపు పొరలు పరచు పనినికూడ మన పిల్లలకు నేర్పవలెనని నా విన్నపము.