విరమణ ఎవరికి?

2004 అక్టోబర్ 15 నుంచి 18 వరకు హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైట్లకీ మధ్య జరిగిన చర్చల మీద తెలుగులో చాలా రాతలు వచ్చాయి. ఎస్.ఆర్.శంకరన్ గారు, పౌరస్పందన వేదిక మిత్రులు 1997 నుంచీ ఓపికగా పనిచేసి, ఇటూ అటూ కూడా మాటలు పడి సాధించిన ఆ నాలుగు రోజుల్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ రాతల్ని సాహిత్యం చదివిన అలవాటుతో చదువుతున్నప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోతాను. 'ఇరుపక్షాలు'.

ఎవరీ ఇరుపక్షాలు? అడవి నుంచి వచ్చిన ప్రతినిధులు రామకృష్ణ, సుధాకర్, గణేష్, అమర్, రియాజ్. అయిదుగురూ మగవాళ్ళే. అప్పటికే దళాల్లో ఆడవాళ్ళు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. భూమి గురించీ, ఎన్‌కౌంటర్ల గురించీ, ఆయుధాలతో ఊళ్ళలోకి రావచ్చా అన్నదాని గురించీ మాట్లాడుకున్నారు. ఆయుధాల దగ్గరే వ్యవహారం బిగుసుకుంది. 2005 జనవరిలో నక్సలైట్లు తప్పుకున్నారు, ఆగస్టులో నిషేధం తిరిగొచ్చింది.

శాంతి ప్రయత్నాల్లో అన్ని స్థాయిల్లోనూ స్త్రీలుండాలని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2000 అక్టోబర్‌లోనే 1325వ తీర్మానం చేసింది. మన ప్రభుత్వాలు దేశం లోపలి ఘర్షణని యుద్ధమని ఒప్పుకోవు కనక అది మన గుమ్మం తొక్కలేదు. తొక్కినచోట కూడా పెద్దగా ఒరిగిందేమీ లేదు. 1992-2019 మధ్య ప్రపంచంలోని ప్రధాన శాంతి చర్చల్లో ప్రతినిధులుగా కూర్చున్న స్త్రీలు 13 శాతం, సంతకాలు పెట్టినవాళ్ళు 6 శాతం.

అయితే నా పేచీ కుర్చీల లెక్కతో కాదు, 'కాల్పుల విరమణ' అన్న మాటతో. నేనుండే నర్సీపట్నం విశాఖ ఏజెన్సీకి వాకిలి లాంటిది. ఇక్కడినుంచి చింతపల్లి ఘాట్ ఎక్కితే, దళం వచ్చినా పోలీసులు వచ్చినా పొయ్యి వెలిగించాల్సింది ఆడవాళ్ళే. తుపాకీ పేలకపోయినా ఊళ్ళోకి వస్తుంది. ఇరుపక్షాలు ఒకరినొకరు కాల్చుకోకపోవడమే శాంతి అయితే, ఆ వచ్చినవాడికీ ఇంట్లో ఉన్న మనిషికీ మధ్య జరిగేది ఏ ఒప్పందంలోకీ రాదు.

2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో, కూంబింగుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోంధు స్త్రీలు చెప్పారు. కోర్టులో విచారణ మొదలవడానికే పదేళ్ళు పట్టింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులంది. దర్యాప్తు సరిగా చెయ్యలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమని కూడా అదే తీర్పులో చెప్పింది. తెలుగులో కర్త లేకుండా వాక్యం రాయొచ్చు. 'అన్యాయం జరిగింది' అంటే చాలు, ఎవరు చేశారో చెప్పనక్కర్లేదు. ఆ తీర్పు నాకు అలాంటి వాక్యంలాగే వినపడుతుంది.

దక్షిణాఫ్రికాలో సత్య, సామరస్య కమిషన్ ముందుకి 1996లో వచ్చిన స్త్రీలు ఎక్కువగా భర్తల గురించీ కొడుకుల గురించే చెప్పారు. బెత్ గోల్డ్‌బ్లాట్, షీలా మెయింట్‌జెస్ లాంటి స్త్రీవాదులు ఇది ఎత్తిచూపాకే స్త్రీల కోసం ప్రత్యేక సభలు పెట్టారు. మన ఉద్యమ సాహిత్యానికీ అమరుడి తల్లి, అమరుడి భార్య బాగా తెలుసు. వాకపల్లి స్త్రీలు ఎవరి తరఫునా రాలేదు. తమ ఒంటి మీద జరిగినదాన్ని తామే చెప్పారు. అలా చెప్పేవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలో మన శాంతి రాతలకి తెలియదు.

తెలుసుకోడానికి పుస్తకం లేకపోలేదు. 1951లో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించాక, తుపాకీ పట్టిన ఆడవాళ్ళు మళ్ళీ వంటింటి గడప దాటి లోపలికి వెళ్ళాల్సి రావడం ఎలా ఉందో 'మనకు తెలియని మన చరిత్ర' 1986లోనే వాళ్ళ మాటల్లో వినిపించింది. విరమణ అందరికీ ఒకటి కాదని ఆ పుస్తకం చదివిన ఎవరికైనా తెలియాలి. 2004 చర్చల గురించి రాసిన చాలామంది అలమరల్లో అది ఉండే ఉంటుంది!

2025లో శాంతి చర్చల పిలుపులు మళ్ళీ వినిపించాయి. ఆ నవంబర్ 18నే మారేడుమిల్లి అడవుల్లో హిడ్మా, రాజె చనిపోయారు. రాజె కూడా మావోయిస్టు పార్టీలో సొంత బాధ్యతలున్న మనిషి. మర్నాటి వార్తల్లో మాత్రం ఎక్కువగా 'హిడ్మా భార్య'.