పక్క ఫోల్డర్‌కి ప్యాకేజీ హోదా

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు తెరవగానే ఇంపోర్ట్ లైన్లలో చుక్కలూ స్లాష్‌లూ బారులు తీరి కనిపించకపోతే, దాన్ని సర్దినవాళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది. తేదీలు లెక్కగట్టే నాలుగు ఫంక్షన్లకి కూడా సొంత ఫోల్డరు, ఒక పేరు, తమదంటూ ఒక ప్యాకేజ్ డాట్ జేసన్ ఇచ్చి, మిగతా కోడంతా వాటిని ఆ పేరుతోనే పిలిచేలా చేయడం చిన్న పనేం కాదు.

ఆ పేరు కోసం నోడ్ ముందు దగ్గర్లోని నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లో వెతుకుతుంది. దొరక్కపోతే ఒక మెట్టు పైకి, ఇంకా పైకి, అలా రూట్ దాకా పోతుంది. ఆ నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లో అసలు కోడ్ బదులు దానికి దారి చూపే సిమ్‌లింక్ ఉన్నా చాలు. 'ఎన్‌పీఎం లింక్' చేసేది అదే. 2020 అక్టోబరులో ఎన్‌పీఎం 7తో వచ్చిన వర్క్‌స్పేసెస్ అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఆ లింకులు వేసేస్తుంది. యార్న్‌లో ఈ సదుపాయం 2017 నుంచే ఉంది.

పనితనం తెలిసేది చిక్కు వచ్చినప్పుడే. లింక్ చేసిన కాంపొనెంట్ లైబ్రరీ తన ఫోల్డర్లోని రియాక్ట్‌నీ, యాప్ తన రియాక్ట్‌నీ పట్టుకుంటే, రెండు కాపీలు లోడై హుక్స్ మొరాయిస్తాయి. రాసిన కోడ్‌లో తప్పే ఉండదు! చెయ్యి తిరిగినవాళ్లు రియాక్ట్‌ని పీర్ డిపెండెన్సీగా ప్రకటించి, లైబ్రరీ కూడా యాప్ కాపీనే వాడేలా చూస్తారు.

పబ్లిష్ చేసే ముందు 'ఎన్‌పీఎం ప్యాక్' కొట్టి, వచ్చిన ఫైల్‌ని ఖాళీ ప్రాజెక్టులో ఇన్‌స్టాల్ చేసి చూసుకునేవాళ్లంటే నాకు మరీ ఇష్టం. సిమ్‌లింక్‌లో ఫోల్డరంతా కనిపిస్తుంది కాబట్టి, ప్యాకేజ్ డాట్ జేసన్‌లోని ఫైల్స్ జాబితాలో చేర్చడం మరిచిపోయిన బిల్డ్ ఫోల్డరు సంగతి అక్కడ బయటపడదు. ఇక్కడ మొదటి ఇంపోర్ట్‌కే పట్టుబడుతుంది.