బొమ్మ ఎవరి పక్షం?

మన విమర్శ నవలను తూచింది, కథను తూచింది, వచన కవిత్వంలో వర్గ దృష్టి ఉందా లేదా అని ఏళ్ల తరబడి వాదించింది. ఒకటో తరగతి పిల్లల చేతికొచ్చే పదహారు పేజీల బొమ్మల పుస్తకాన్ని మాత్రం "పిల్లల పుస్తకమే కదా" అని వదిలేసింది. అక్షరం రాని పాఠకుడు చదివే మొదటి సాహిత్యం అదే. అక్కడ నాటుకున్న అభిప్రాయాన్ని కదిలించాలంటే తర్వాత మన నవలలు చాలా శ్రమపడాలి.

బొమ్మల పుస్తకంలో బొమ్మ అలంకారం కాదు, అదే వస్తువు. "అమ్మ వంట చేస్తోంది" అన్న వాక్యంలో వర్గమూ కనపడదు, కులమూ కనపడదు. బొమ్మ గీయగానే రెండూ వచ్చి కూర్చుంటాయి. గ్యాస్ పొయ్యా, మూడు రాళ్ల పొయ్యా? గిన్నెలో ఏముంది? అసలు వంట అమ్మే ఎందుకు చేస్తోంది, నాన్న ఏం చేస్తున్నాడు? రచయిత తప్పించుకున్న ఈ ప్రశ్నలకు చిత్రకారుడు జవాబు చెప్పక తప్పదు. అందుకే ఉపాధ్యాయుడు పుస్తకం ఎంచుకునేటప్పుడు వాక్యాలను చేత్తో మూసి ముందు బొమ్మలను చదవాలంటాను.

ఈ బొమ్మలు ఇలా ఎందుకుంటాయన్న దానికి కారణం చిత్రకారుడి మంచి చెడ్డల్లో దొరకదు. ఉత్పత్తి విధానంలో వెతకాలి. రంగుల అచ్చు ఖరీదైన పని. అవే బొమ్మలను అనేక భాషల్లో వేస్తే, రంగుల ప్లేట్లు అలాగే ఉంచి అక్షరాలున్న నల్ల ప్లేటు ఒక్కటి మారిస్తే చాలు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు తన నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలను ఒకే బొమ్మలతో పలు భాషల్లో తెచ్చింది. ధర తగ్గి పేద బడికి పుస్తకం అందింది. అది చిన్న మేలు కాదు. కాని అన్ని రాష్ట్రాలకూ సరిపోవాలని గీసిన ఇల్లు ఎవరి ఇల్లూ కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఎవరిదీ కాని ఇల్లు చివరికి పట్టణ మధ్యతరగతి ఇల్లే అవుతుంది.

అయితే పరాయి జీవితం పిల్లలకు వద్దా అని అడగవచ్చు. ఆ మాట నేననను. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల ద్వారా మన ఊళ్లకు చేరేవి. మంచు ఎరుగని మన పిల్లలు ఆ మంచులో ఎలుగుబంటి వెంట హాయిగా తిరిగారు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడంతో ఆ రాక ఆగింది. దూరం పిల్లలకు అడ్డు కాదు. ఎలుగుబంటి ఇల్లు తమది కాదని వాళ్లకు తెలుసు. "మన ఇల్లు" అని రాసిన పేజీలో తమ ఇల్లు లేకపోవడమే అసలైన అడ్డు. పుస్తకమనేది తనవాళ్లది కాదని కూలివాళ్ల పిల్ల అయిదేళ్లకే నేర్చుకుంటుంది. రేపు ఆ పిల్ల బడి మానేస్తే చదువు మీద శ్రద్ధ లేదంటాం.

ఆ లోటు పూడ్చే ప్రయత్నాలు లేకపోలేదు. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో "డిఫరెంట్ టేల్స్" పేరుతో బొమ్మల కథల శ్రేణి తెచ్చింది. కొంచెం పెద్ద పిల్లలకు తగినవి. అందులో గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటి రచయితల కథల్లో అట్టడుగు ఇళ్ల పిల్లలు జాలిపడవలసినవాళ్లు కారు, కథ నడిపేవాళ్లు. ఖదీర్‌బాబు కథకు తలకాయ కూరే వస్తువు. మన వాచకాల వంటింట్లోకి ఆ కూర రావడం అరుదు.

మంచి పుస్తకాన్ని కూడా తరగతిలో చంపవచ్చు. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం బడులకు పుస్తకాలిచ్చింది. చిరిగిపోతాయని వాటిని బీరువాలో పెట్టి తాళం వేసిన బడులున్నాయి. బొమ్మల పుస్తకాన్ని మరో వాచకం చేసి పదాలకు అర్థాలు అప్పజెప్పించడం రెండో పద్ధతి. మూడోది "ఇందులో నీతి ఏమిటి?" అని అడగడం. అభ్యుదయవాదులం నీతి తీసేసి ఆ చోట నినాదం పెడుతున్నాం. పిల్లల నోరు మూయించడంలో రెండూ ఒకటే.

చేయవలసింది కష్టమైన పని కాదు. పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకుని, పుస్తకం వాళ్లవైపు తిప్పి చదవాలి. పేజీ తిప్పే ముందు ఆగాలి. "ఇక్కడేం జరుగుతోంది?" అని అడగాలి. వెంటనే "నీకెలా తెలిసింది?" అనీ అడగాలి. ఈ రెండో ప్రశ్నతో పిల్ల బొమ్మలోంచి ఆధారం వెతుకుతుంది, ఊహకూ రుజువుకూ తేడా పట్టుకుంటుంది. జవాబు ఇంటి భాషలో వస్తుంది. దాన్ని పుస్తక భాషలోకి దిద్దే తొందర వద్దు. అదే పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదవాలి. మొదటిసారి కథ వెంట పరుగెత్తిన కళ్లు మూడోసారికి మూలనున్న చీపురునూ, దాన్ని పట్టుకున్న చేతినీ చూస్తాయి.

అప్పుడు ఎవరో ఒకరు "మా ఇంట్లో ఇట్లుండదు" అంటారు. సాహిత్య విమర్శలో అది మొదటి వాక్యం. ఆ మాటను ఉపాధ్యాయుడు వింటే చాలదు, మనమూ వినాలి. మన పత్రికలు బొమ్మల పుస్తకాలను సమీక్షించాలి. రాసినవాళ్లతో పాటు గీసినవాళ్ల పేరూ చెప్పి, బొమ్మ ఎవరి పక్షాన ఉందో నిలదీయాలి.